వాండావిజన్ చూడాలా, దాని బదులు ఇంకోటా?

మార్వెల్ వాళ్ల తొమ్మిది ఎపిసోడ్ల సిరీస్ వాండావిజన్ మొదలుపెట్టి మధ్యలో వదిలేసినవాళ్లు నాకు తెలిసి నలుగురున్నారు. నలుగురూ ఆపింది ఒకచోటే, రెండో ఎపిసోడ్ దగ్గర. "సూపర్‌హీరోలని చెప్పి బ్లాక్ అండ్ వైట్‌లో మొగుడూపెళ్లాల జోకులు చూపిస్తున్నారేంటి?" అని మా తమ్ముడు ఫోన్ చేసి మరీ తిట్టాడు. వాడి తప్పేం లేదు. మార్వెల్ పేరు చూసి కూర్చున్నవాడికి మొదటి అరగంటలో కనిపించేవి ఇవీ: ఒక కొత్త జంట, ఇంటికి భోజనానికొచ్చిన ఆఫీసు బాస్, వంటింట్లో గందరగోళం, ప్రతి డైలాగుకీ వెనక నుంచి జనం నవ్వు. ఒక్క ఫైటు లేదు.

నా లెక్కలో ఆ నలుగురిలో ఇద్దరు ఆపేసి మంచి పని చేశారు. మిగతా ఇద్దరూ ఇంకో గంట ఓపిక పట్టాల్సింది. ఎవరు ఏ రకమో ముందే తెలిస్తే టైమ్ మిగులుతుంది కదా అనే ఇది రాస్తున్నాను. పాత సిట్‌కామ్ (వెనక జనం నవ్వుతో వచ్చే టీవీ కామెడీ) వేషం వేసిన సూపర్‌హీరో కథ వాండావిజన్ ఒక్కటే కాదు. దాని చుట్టుపక్కల ఇంకో అరడజను దాకా ఉన్నాయి.

ఏది ఎవరికి నప్పుతుందో తేల్చుకోడానికి నేను వేసుకునే ప్రశ్న ఒకటే: ఈ వేషం ఎందుకు వేశారు? కథలోనే దానికో కారణం ఉందా, ఊరికే సరదాకి వేశారా? రెండూ తప్పు కాదు. కాకపోతే కారణం ఉన్న వేషానికి ఓపిక కావాలి, కారణం ఆలస్యంగా తెలుస్తుంది కాబట్టి. సరదా వేషానికి అదేం అక్కర్లేదు, మొదటి పది నిమిషాల్లో నచ్చితే నచ్చినట్టే.

వాండావిజన్ మొదటి రకం. వాండా మంత్రశక్తులున్న సూపర్‌హీరోయిన్, విజన్ ఆమె ప్రేమించిన యంత్రమానవుడు. 2018లో వచ్చిన మార్వెల్ సినిమా ఇన్ఫినిటీ వార్‌లో విజన్ చనిపోయాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. రెండూ వాండా కళ్లముందే, మొదటిసారైతే ఆమె చేతుల మీదుగానే. అలాంటిది ఇక్కడ అతను టై కట్టుకుని ఆఫీసుకెళ్తున్నాడు, ఆమె గిన్నెల్ని మంత్రంతో గాల్లో తిప్పుతూ ఇల్లు చక్కబెడుతోంది. ఊరు న్యూజెర్సీలోని వెస్ట్‌వ్యూ. చనిపోయినవాడు ఎలా వచ్చాడో అడిగేవాళ్లెవరూ లేరు. పైగా ఎపిసోడ్ మారినప్పుడల్లా కాలం ఓ పదేళ్లు ముందుకు జరుగుతుంది, దాంతో ఇల్లు, బట్టలు, జుట్టు, టైటిల్ పాట అన్నీ మారిపోతాయి.

మొదటిది డిక్ వాన్ డైక్ షో తీరు. రెండోది బివిచ్డ్, ఐ డ్రీమ్ ఆఫ్ జీనీ. మూడోదానికి రంగులొస్తాయి, డెబ్భైల బ్రేడీ బంచ్ ఇల్లు వస్తుంది. నాలుగోది దారి తప్పుతుంది, దాని సంగతి తర్వాత చెబుతా. ఐదోది ఎనభైల ఫ్యామిలీ టైస్, ఫుల్ హౌస్. ఆరోది మాల్కమ్ ఇన్ ద మిడిల్. ఏడోది మోడర్న్ ఫ్యామిలీ లాగా పాత్రలు కెమెరా ముందు కూర్చుని ఇంటర్వ్యూలిచ్చే రకం. ఆఖరి రెండిట్లో వేషం తీసేస్తారు.

ఈ షోలు మనం చూడలేదు కదా, ఎక్కుతుందా అని చాలామందికి అనుమానం. మన ఇళ్లలో సిట్‌కామ్ అంటే ఆదివారం జెమినీలో వచ్చిన అమృతం, ఆ తర్వాత ఇంగ్లీష్ చానెళ్లలో ఫ్రెండ్స్. కానీ తొంభైల్లో కేబుల్ కనెక్షన్ ఉన్న ఇంట్లో పెరిగినవాళ్లు హిందీలో డబ్ అయిన ఐ డ్రీమ్ ఆఫ్ జీనీ, స్మాల్ వండర్ చూసే ఉంటారు. తల ఊపితే వస్తువులు మాయమవడం, పక్కింటివాళ్లు వేళాపాళా లేకుండా దూరిపోవడం, భర్త కంగారు. అది గుర్తుంటే చాలు, మొదటి మూడు ఎపిసోడ్లూ పరాయిగా అనిపించవు.

ఇక ఆ పక్కింటావిడ ఆగ్నెస్. కాలింగ్ బెల్లు కొట్టకుండానే సగం లోపలికొచ్చేసి, అన్నీ ఆరా తీసి, తనే సలహాలిచ్చి వెళ్లే పిన్నిగారు ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఒకరుంటారు. క్యాథ్రిన్ హాన్ ఆ పాత్రను ఎంత బాగా చేసిందంటే, 2024లో ఆ పాత్రకే విడిగా ఒక సిరీస్ తీశారు.

పొలమారిన ఆ ఒక్క నిమిషం

మొదటి ఎపిసోడ్‌లో ఒక సీను చూసి మీరు ఏ రకమో తేల్చుకోవచ్చు. బాస్ హార్ట్, ఆయన భార్య డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఉంటారు. మాటల్లో ఆయన అడుగుతాడు: మీరెక్కడి నుంచి వచ్చారు, ఇక్కడికెందుకొచ్చారు, పెళ్లెప్పుడైంది? కొత్త దంపతులకు జవాబు తెలియదు. మరిచిపోయినట్టు తడబడతారు. ఆయనకు కోపమొచ్చి టేబుల్ మీద గుద్దుతాడు, అంతలోనే గొంతులో ముక్క అడ్డుపడుతుంది. ఆవిడ నవ్వుతూ "ఆపండి" అంటుంది. మళ్లీ అంటుంది, మళ్లీ. మొహం మీద నవ్వు చెరగదు, గొంతు మాత్రం బతిమాలుతున్నట్టు మారుతూ పోతుంది. ఆయన నేల మీద పడిపోతాడు.

ఇక్కడ జాగ్రత్తగా వినండి. అప్పటిదాకా ప్రతి మాటకీ నవ్విన జనం నవ్వరు. అప్పటిదాకా స్టేజీ నాటకం చూస్తున్నట్టు ఎదురుగా, దూరంగా ఉన్న కెమెరా మెల్లగా మొహాల దగ్గరికి వస్తుంది. ఎవరూ కదలరు. చివరికి వాండా ఒక్క మాట అంటుంది, "విజన్, ఆయనకి సాయం చెయ్". విజన్ చెయ్యి ఆయన గొంతులోకి దూర్చి ముక్క బయటికి తీస్తాడు. వెంటనే అంతా మామూలే. అతిథులు లేచి, భోజనం బాగుందని, వెళ్లొస్తామని బయల్దేరతారు. జనం నవ్వు మళ్లీ మొదలవుతుంది.

ఆ నిమిషంలో మీకు వెన్నులో కాస్త చలి పుడితే, ఈ సిరీస్ మీ కోసమే. "అయితే ఏంటట?" అనిపిస్తే మొహమాటపడకుండా కట్టేయండి, కింద వేరేవి చెబుతాను.

పనితనం గురించి ఒక్క మాట చెప్పకుండా ఉండలేను, నాకు అసలు రుచి అక్కడే ఉంది. మొదటి ఎపిసోడ్‌ను నిజంగానే ప్రేక్షకుల్ని కూర్చోబెట్టి, వాళ్లముందు తీశారు. సెట్లో పనిచేసేవాళ్లు కూడా యాభైల నాటి బట్టలేసుకున్నారు. గాల్లో తేలే గిన్నెల్ని వైర్లతో లాగారు. విజన్ మొహం ఎరుపు కదా, బ్లాక్ అండ్ వైట్‌లో ఎరుపు మరీ నల్లగా పడుతుందని పాల్ బెటనీకి నీలం రంగు పూశారు. పాతకాలం ఎపిసోడ్లలో తెర కూడా పాత టీవీలా వెడల్పు తక్కువున్న 4:3 కొలతే. బొమ్మ పక్కలకి సాగిందంటే ఏదో మారుతోందని అర్థం, గమనిస్తూ ఉండండి. దర్శకుడు మ్యాట్ షాక్‌మన్ చిన్నతనంలో సిట్‌కామ్ నటుడు. వాండాగా చేసిన ఎలిజబెత్ ఓల్సెన్ అక్కలిద్దరూ ఫుల్ హౌస్‌లో చంటిపిల్లలుగా చేసిన కవలలు. ఎనభైల ఎపిసోడ్‌లో ఆవిడ నిలబడే తీరు చూస్తే ఎవరూ నేర్పినట్టు ఉండదు, ఇంట్లో చూసి వచ్చినట్టుంటుంది.

మధ్యలో వచ్చే యాడ్స్ స్కిప్ చేయకండి. టోస్టర్, చేతి గడియారం, సబ్బు, ఏవో పాత సరుకుల ప్రకటనల్లా ఉంటాయి. అన్నీ వాండా గతంలోంచి వచ్చినవే.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఎనిమిదో ఎపిసోడ్ దాకా ఇంత కొత్తగా నడిపినవాళ్లు తొమ్మిదోదానికి వచ్చేసరికి మామూలు మార్వెల్ సినిమా చేసేశారు. గాల్లో ఎగరడం, చేతుల్లోంచి వెలుగులు, ఒకరి మీద ఒకరు విసురుకోవడం. విందు చివర్లో చద్దన్నం వడ్డించినట్టనిపించింది నాకు. అందులో రెండు విజన్ల మధ్య నడిచే వాదన ఒక్కటి మినహాయింపు: పలకలన్నీ ఒక్కొక్కటిగా మార్చేసిన పాత ఓడ ఇంకా అదే ఓడా అని చర్చ. ఇంకో ఫిర్యాదు, వాండా వల్ల ఆ ఊరివాళ్లు పడ్డ బాధను కథ తేలిగ్గా వదిలేసింది. దాని మీద ఎంతైనా పోట్లాడుకోవచ్చు, మా ఇంట్లో పోట్లాడుకున్నాం కూడా.

దాని బదులు ఏం చూడొచ్చు

నవ్వుకోవడమే కావాలి, ఏడిపించొద్దు అనేవాళ్లకి షీ-హల్క్. 2022 ఆగస్టు 18న మొదలై అక్టోబర్ 13న ముగిసింది, ఇదీ తొమ్మిది ఎపిసోడ్లే. హల్క్‌కు వరసకు చెల్లెలు జెన్నిఫర్ వాల్టర్స్ లాయరు. అనుకోకుండా అన్న రక్తం కలిసి ఆకుపచ్చ మనిషి అవుతుంది, అయినా ఆవిడకు కావాల్సింది కోర్టు కేసులు, మంచి సంబంధం, కాస్త ప్రశాంతత. మధ్యమధ్యలో మనవైపు తిరిగి మాట్లాడుతుంది. ఇక్కడ వేషానికి కారణం వెతకొద్దు. కామిక్స్‌లోనూ ఆమె అలాగే పాఠకుడితో మాట్లాడేది, అంతే.

మొదటి ఎపిసోడ్‌లో హల్క్ ఆమెకు కోపాన్ని అదుపులో పెట్టుకోవడం నేర్పబోతాడు. ఆ పని నీకన్నా నాకే బాగా వచ్చంటుంది ఆమె. రోడ్డు మీద వెకిలి మాటలు, ఆఫీసులో తనకొచ్చిన విషయాన్నే తనకు వివరించే మగవాళ్లు, అన్నీ రోజూ మింగుకుంటూనే ఉంటుంది మరి. ఉద్యోగం చేసే ఆడవాళ్లతో కలిసి చూస్తే ఆ సీనుకు గదిలో వేరే రకం నవ్వు వినిపిస్తుంది. నాలుగో ఎపిసోడ్‌లో మంత్రగాడు వాంగ్ ఇంట్లో సోఫాలో కూర్చుని శ్రద్ధగా సిరీస్ చూసుకుంటుంటే, ఎక్కడి నుంచో ఊడిపడ్డ తాగుబోతు అమ్మాయి కథంతా ముందే చెప్పేస్తుంది. ఆ జంట కోసమైనా చూడొచ్చు. గ్రాఫిక్స్ కొన్నిచోట్ల బొమ్మలాగే ఉంటాయి, అది ఒప్పుకోవాలి. ఆఖరి ఎపిసోడ్‌లో కథ చెప్పే పద్ధతినే ఆటపట్టిస్తారు. నాకు తెగ నచ్చింది, మా తమ్ముడికి ఒళ్లు మండింది.

కథ పరుగెత్తాలి, వారం మొత్తం దాని గురించే ఆలోచించాలి అనుకునేవాళ్లు నేరుగా లోకికి వెళ్లిపోండి. రెండు సీజన్లు, పన్నెండు ఎపిసోడ్లు. సిట్‌కామ్ కాదు గానీ, కాలాన్ని కాపలా కాసే ఆ ఆఫీసు, పాత ఫైళ్లు, గోధుమరంగు గోడలు, విసుగెత్తిన గుమాస్తాలు, అందులో ఒక ఆఫీసు కామెడీ దాగి ఉంది. ప్రయోగం పాలు తక్కువ, ఉత్కంఠ పాలు ఎక్కువ. మా తమ్ముడికి నేను చివరికి ఇచ్చిన మందు ఇదే.

మార్వెల్ సినిమాలు ఒక్కటీ చూడలేదు, ఇప్పుడు అవన్నీ చూసే ఓపికా లేదు, అయినా బుర్రకు పదును పెట్టేది కావాలంటే లెజియన్. 2017 నుంచి 2019 దాకా మూడు సీజన్లు, మొత్తం 27 ఎపిసోడ్లు. డేవిడ్ అనే కుర్రాడికి స్కిజోఫ్రేనియా అని ఆస్పత్రిలో పెడతారు. అతనికున్నది జబ్బా, శక్తా అన్నది అతనికే తెలియదు. దీంట్లో సిట్‌కామ్ లేదు గానీ ఉన్నట్టుండి డాన్సులొస్తాయి, ఒకచోట మూకీ సినిమాలా మాటలు తెర మీద అక్షరాలుగా పడతాయి. ఇది 20 గంటలకు పైనే పడుతుంది, పైగా రెండో సీజన్ నడక బరువు. వంట చేస్తూ, ఫోన్ చూస్తూ చూసే రకం కాదు. పిల్లల ముందు అసలు వద్దు.

పిల్లలుంటే 1966 బ్యాట్‌మన్. ఆడమ్ వెస్ట్ నటించిన ఈ 120 ఎపిసోడ్ల షో ఈ తరహా కామెడీలన్నింటికీ తాతలాంటిది. హీరోలు నవ్వరు, పరమ గంభీరంగా పరమ పిచ్చి పనులు చేస్తారు. గుద్దు పడ్డప్పుడల్లా తెర మీద "పౌ" అని రంగు అక్షరాలు. రోజుకొకటి, హోంవర్క్ అయ్యాక, చాలు. ఒకేసారి నాలుగు చూస్తే పెద్దవాళ్లకు తలనొప్పి ఖాయం.

ఇంకోటుంది, సూపర్‌హీరో కథ కాదు, కానీ వాండావిజన్‌కు అసలైన తోబుట్టువు అదే. 2021 జూన్‌లో మొదలైంది. పేరు కెవిన్‌తో మొదలై బూతుతో నడుస్తుంది కాబట్టి మొత్తం రాయను, పెద్దవాళ్లెవరైనా గదిలో ఉంటే మీరూ గట్టిగా చదవకండి. కెవిన్ గదిలో ఉన్నంతసేపూ వెలుగులు, జోకులు, జనం నవ్వు. అతను బయటికెళ్లి భార్య ఒంటరిగా మిగలగానే వెలుగు తగ్గిపోతుంది, నవ్వు ఆగిపోతుంది. ఆ జోకుల కింద నలిగేది ఎవరో అప్పుడు కనిపిస్తుంది. వేషానికి కారణం మొదటి ఐదు నిమిషాల్లోనే తెలిసిపోతుంది గనక, ఆగ్నెస్ దాకా ఆగలేనివాళ్లకి ఇది మేలు. పదహారు ఎపిసోడ్లు.

ఆగ్నెస్ పాత్రకు 2024లో విడిగా తీశారన్న సిరీస్, అగాథా ఆల్ ఎలాంగ్ మాత్రం వాండావిజన్ చూశాకే. ముందు చూస్తే మొత్తం గుట్టు రట్టవుతుంది. వాండావిజన్‌ను తయారుచేసిన రచయిత్రి జాక్ షేఫరే దాన్నీ నడిపించింది. మొదటి ఎపిసోడ్ పోలీసు డిటెక్టివ్ సిరీస్ వేషంలో మొదలవుతుంది, తర్వాత మంత్రగత్తెల పాటలు, కాస్త భయం. పాటలు ఇష్టమైనవాళ్లకి అసలుదానికన్నా ఇదే ఎక్కువ నచ్చవచ్చు.

వాండావిజనే అనుకుంటే

ముందు సినిమాలన్నీ చూడక్కర్లేదు. ఏజ్ ఆఫ్ అల్ట్రాన్, ఇన్ఫినిటీ వార్ ఈ రెండూ చాలు. వాండా తమ్ముడెవరో, సారీ, కవల సోదరుడు ఎవరో, విజన్ ఎలా పుట్టాడో, ఎలా పోయాడో తెలుస్తుంది. ఇంకా టైమ్ ఉంటే ఎండ్‌గేమ్. అదీ కుదరకపోతే వాళ్లిద్దరి కథ ఎవరైనా ఐదు నిమిషాల్లో చెప్పేయగలరు, ఆ చెప్పేవాళ్లు సిరీస్ చూడనివాళ్లయితే మరీ మంచిది, గుట్టు విప్పరు. పాత సిట్‌కామ్‌ల విషయానికొస్తే, కుతూహలం ఉన్నవాళ్లు డిక్ వాన్ డైక్ షోలో వాల్‌నట్ కాయల ఎపిసోడ్ ఒక్కటి చూసి పెట్టుకోండి. ఎందుకో ఎనిమిదో ఎపిసోడ్‌లో తెలుస్తుంది.

తొమ్మిదీ కలిపి ఆరు గంటల లోపే. అయినా ఒక్క రాత్రిలో లాగించవద్దు. మొదటి మూడూ ఒక రోజు, నాలుగోది విడిగా ఇంకో రోజు. నాలుగోదాంట్లో కథ వెస్ట్‌వ్యూ బయటికి వస్తుంది, అప్పటిదాకా మనల్ని తికమక పెట్టిన ముక్కలన్నీ వేరే వైపు నుంచి కనిపిస్తాయి. అది చూశాక కూడా పట్టుకోకపోతే ఇక పట్టుకోదు, ఆపేయండి. అంతకుముందు మాత్రం ఆపకండి. ఎనిమిదోది ఒంటరిగా చూడండి. ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లు ముఖ్యంగా. వాండా ఒక ఖాళీ స్థలంలో, ఇల్లు కట్టాల్సిన చోట నిలబడి ఉండే సీను ఒకటుంది, దాని గురించి ఇంతకన్నా చెప్పను.

భాష సంగతి. డబ్బింగ్‌లో చూసే అలవాటున్నా దీన్ని ఇంగ్లీషులోనే, సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూడమంటాను. యాభైల ఎపిసోడ్‌లో వాళ్లు మాట్లాడే తీరే వేరు, ఆ కాలపు టీవీ వాళ్లు మాట సాగదీసే పద్ధతి. కాలం మారేకొద్దీ యాసా మారుతుంది. డబ్బింగ్‌లో అన్ని దశాబ్దాలూ ఒకే గొంతుతో మాట్లాడతాయి, సగం ఆట అక్కడే పోతుంది. షీ-హల్క్, లోకిలకు ఈ పట్టింపు అంత అవసరం లేదు, మీ ప్లాన్‌లో ఏ భాష దొరికితే అందులో చూసేయండి.

సిరీస్ నచ్చిన ఊపులో వెంటనే 2022 డాక్టర్ స్ట్రేంజ్ సినిమా పెట్టకండి. వాండా కథ అందులోకే వెళ్తుంది, నిజమే. కానీ ఇక్కడ అంత ఓపికగా అర్థం చేసుకున్న మనిషిని అక్కడ రెండు గంటల్లో రాక్షసిని చేసేస్తారు. ఓ నెల ఆగి చూస్తే అంత కోపం రాదు. ఈలోపు షాక్‌మన్ పని ఇంకా చూడాలనిపిస్తే 2025లో ఆయన తీసిన ఫెంటాస్టిక్ ఫోర్ ఉంది. అదీ అరవైల అలంకారాల్లోనే నడుస్తుంది.

ఇంకో జాగ్రత్త. మొదటి ఆరు ఎపిసోడ్ల చివర పేర్లు నిమిషాల తరబడి పడతాయి, ఏమీ రాదు. దాంతో పేర్లు మొదలవగానే టీవీ కట్టేయడం మనకు అలవాటైపోతుంది. ఏడు, ఎనిమిదో ఎపిసోడ్లలో మాత్రం పేర్ల మధ్యలో ఒక్కో సీను దాచారు, తొమ్మిదోదాంట్లో రెండు. 2021లో నేను ఏడోదానికి అలాగే కట్టేసి పడుకున్నాను. మర్నాడు లంచ్‌లో అందరూ ఆ సీను గురించే మాట్లాడుకుంటుంటే, చూసినట్టు తలూపుతూ కూర్చోవాల్సి వచ్చింది.